పై పూత మీద నెర్రెలు

రేవు దగ్గర, టిక్కెట్ గది
ఎండలు ముదురుతున్న రోజులు

వియ్యంకులు బావగారికి నమస్కారాలు.

మీరూ చెల్లెమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మనుషులందరం బాగానే ఉన్నాం. పడవకే ఒంట్లో బాగోలేదు.

మీరు మీ షెడ్డులో చేసి పంపిన ఫైబర్ పడవకి కుడి డొక్క మీద, నీటి గీతకి కాస్త పైన, వెంట్రుకల్లాంటి సన్న నెర్రెలు వచ్చాయి. కడుగుతుంటే మరకలనుకుని తుడిచాను. పోలేదు. గోటితో గీరాను. అయినా పోలేదు. దువ్వెన పళ్ళలాగా ఒకదాని పక్కన ఒకటి నిలువుగా ఉన్నాయి. తెల్లటి పూత కదా, మురికి పట్టి కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి.

ఈ పడవ ఇంకా రెండో వానాకాలం చూడలేదు. పెళ్ళికూతురికి అప్పుడే ముడతలు కనబడితే వయసు మీద అనుమానం రాదా చెప్పండి? మీరు పై పూతకి వాడిన జెల్‌కోట్ డబ్బా పాతదేమో, మీ పనివాళ్ళు చేతికొచ్చినంత మందంగా పూసేశారేమో, మీరే ఆలోచించుకోండి. నేనేమీ అనడం లేదు.

వానలకి ముందు తనిఖీ అధికారి వస్తాడు. ఆయన సంతకం లేకపోతే మనిషిని ఎక్కించుకోవడానికి వీల్లేదు. అవతలి ఒడ్డు నుంచి బడిపిల్లలు, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు, అందరికీ మన పడవే దిక్కు. అందుకని, ఇది పూత తప్పేనని మీరొక ముక్క రాసి పంపితే ఆయనకి చూపించి, పైన ఏదో పూసి సరిపెట్టుకుంటాను. మన మధ్య మాట రాదు.

ఒక్క సంగతి. దీని గురించి ఫోన్ చెయ్యకండి. మీ అమ్మాయికి అసలు చెప్పకండి. జవాబు టిక్కెట్ గదికే రాయండి, ఇంటికి వద్దు.

మీ మేలు కోరే
వియ్యంకుడు


పడవల షెడ్డు
మీ ఉత్తరం అందిన రోజే

బావగారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి అనుమానం వచ్చింది.

ఆడలేక మద్దెల ఓడు అనే సామెత మీకు తెలిసే ఉంటుంది. పడవ నడిపేది మీరు. ఇంజన్ చూసేది మీరు, చుక్కాని పట్టేది మా అల్లుడు. నెర్రె వస్తే మాత్రం నా డబ్బా పాతది!

పై పూత అంటే చర్మం లాంటిది. బలమంతా దాని కింద ఉన్న ఫైబర్‌ది. చర్మం ఊరికే చిట్లదు, చిట్లిన తీరు చూస్తే కారణం తెలుస్తుంది. ఒకచోట గట్టి దెబ్బ తగిలితే నెర్రెలు నక్షత్రంలా విచ్చుకుంటాయి. పూత మందమైతే ఒళ్ళంతా వలలాగా, దారీ తెన్నూ లేకుండా వస్తాయి. అలా వస్తే అది నా తప్పు, నోరు మూసుకుని ఒప్పుకుంటాను. కానీ మీరు దువ్వెన పళ్ళు అంటున్నారు. పక్కపక్కన వరసగా నెర్రెలు వచ్చాయంటే అక్కడ డొక్క లోపలికీ బయటికీ ఆడుతోందని అర్థం. ఆ చోట ఆడకూడదు. ఆడకుండానే చేశాను.

కాబట్టి ముందు సిరా పూసి తుడవండి. నెర్రెలో సిరా ఉండిపోతుంది, ఎక్కడిదాకా పాకిందో తెలుస్తుంది. ప్రతి నెర్రె చివరా పెన్సిల్‌తో అడ్డగీత పెట్టండి. కొన్నాళ్ళకి ఆ గీత దాటిందో లేదో చూడండి. నాణెంతో చుట్టూ తట్టండి, ఎక్కడైనా చప్పుడు మొద్దుబారితే రాయండి. ఇంజన్ గదిలోకి దూరి, లోపలి వైపునుంచి కూడా లైటు వేసి చూడండి.

ఇక అసలు ప్రశ్న. దేనికి గుద్దారు? రేవు మెట్లకా, ఇసుక మేటకా?

మా అమ్మాయికి చెప్పొద్దన్నారు. ఎందుకు? అది ఈ షెడ్డులో పెరిగిన పిల్ల. పూత మీద ఈగ వాలినా కనిపెట్టేది. దానికి కనబడని నెర్రె మీకెలా కనబడింది?

జవాబు కోసం చూస్తుంటాను.

వియ్యంకుడు


టిక్కెట్ గది
వడగాలుల వారం

బావగారికి నమస్కారాలు.

దేనికీ గుద్దలేదు. మావాడు చుక్కాని పడితే నీళ్ళకి కూడా నొప్పి తెలియదు. ఆ మాట మీ అల్లుడి గురించి మీరే పదిమందికీ చెప్పుకున్నారు.

మీరు చెప్పినట్టే సిరా పూసి తుడిచాను. ఇప్పుడు బాగా తెలిసింది బావగారూ. వలే. అచ్చం వల. ఒక దారీ లేదు, ఒక తెన్నూ లేదు. ముందు దువ్వెన అన్నది కళ్ళజోడు లేకుండా చూసి రాసిన మాట, దాన్ని పట్టుకోకండి. నాణెంతో తట్టాను, అన్ని చోట్లా టంగుటంగుమని గుడిగంటలా పలికింది. ఇంజన్ గదిలో చూడ్డానికేమీ లేదు. నేను రోజూ దూరుతూనే ఉన్నాను, లోపల అంతా మీరు పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

వలలా వస్తే మీ తప్పని ఒప్పుకుంటానన్నారు. పెద్దమనుషుల మాట కాబట్టి ఆ ముక్క రాసి పంపండి.

కోడలికి ఎందుకు చెప్పొద్దన్నానంటే, పుట్టింటి పనితనానికి వంక పెడితే ఏ ఆడపిల్లకైనా మనసు చివుక్కుమంటుంది. అంతకు మించి ఏమీ లేదు. మీరు దీన్ని తవ్వకండి.

మీ వియ్యంకుడు


పడవల షెడ్డు
కరెంటు లేని మధ్యాహ్నం

బావగారికి,

మొదటి ఉత్తరంలో దువ్వెన. వలలా ఉంటే నా తప్పని నేను రాయగానే, రెండో ఉత్తరంలో వల. నేను నక్షత్రం అని రాసుంటే ఈసరికి మీ పడవ మీద ఆకాశమంతా ఉండేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను గట్టిగా అడగకముందే 'లోపల అంతా అలాగే ఉంది' అని రాశారు. అలాగే ఉందో లేదో నేను అడగలేదు. లైటు వేసి చూడమన్నాను, అంతే.

ఇంకో సంగతి. మొన్న అమ్మాయికి ఫోన్ చేశాను. కంగారు పడకండి, మీ ఉత్తరాల మాట ఎత్తలేదు. పడవెలా ఉందమ్మా అని మాత్రం అడిగాను. "పడవకేం నాన్నా, బాగానే ఉంది" అని, వెంటనే వంట సంగతి మొదలెట్టింది. ఏ కూర మాడిపోయిందో, ఏది ఉప్పెక్కువైందో చెబుతూనే ఉంది. బావగారూ, ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ వంట గురించి మాట్లాడటమంటే తలనొప్పి. ఆ మాటలు విన్నాక నాకు అన్నం సహించలేదు.

మీ ఇంట్లో ఏం జరుగుతోంది? మీరు దానికి చెప్పొద్దంటారు. అది నాకేదో చెప్పకుండా దాస్తోంది. దాన్నేమైనా అంటున్నారా? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పండి.

ఇప్పుడొక పని చెయ్యండి. నెర్రెల మీద పల్చటి కాగితం అతికించి, కింద కనబడే గీత మీదే పెన్సిల్‌తో గీయండి. నెర్రెలకి పైన, డొక్క పొడుగునా ఉన్న బద్ద బోల్టులు కూడా కాగితం మీద గుర్తు పెట్టండి. కూర్చుని వల అల్లి పంపకండి. ఆ పడవ పోసిన అచ్చు ఇంకా నా షెడ్డులోనే ఉంది. కాగితం దాని మీద పెట్టి చూస్తాను, అబద్ధమైతే ఇట్టే తెలిసిపోతుంది.

వియ్యంకుడు


టిక్కెట్ గది
మొదటి మబ్బు పట్టిన రోజు

బావగారికి,

మీ ఉత్తరం చదివాక ఒంటికి కారం రాసుకున్నట్టు మండింది. కోడల్ని ఏమైనా అంటున్నామా అని అడిగారే! మీ అమ్మాయిని ఈ ఇంట్లో ఒక్క మాట అన్నవాడు లేడు. అనే ధైర్యం కూడా ఎవరికీ లేదు, అది మీకూ తెలుసు. ఇంత మాట నోట్లోంచి రావాల్సింది కాదు. వచ్చింది. నేను మర్చిపోను.

కాగితం పంపుతున్నాను. ఇవి నిజం గీతలే. మీరు నన్ను దొంగ అన్నా సరే, ఈ కాగితం మాత్రం దొంగది కాదు.

ఇంకొకటి రాయక తప్పడం లేదు. పెన్సిల్ అడ్డగీతల్ని కొన్ని నెర్రెలు దాటాయి. నాణెం చప్పుడు కూడా అన్ని చోట్లా ఒకేలా లేదు. మధ్యలో, అరచేతి మేర, అట్టపెట్టె మీద కొట్టినట్టు ఉంది. కిందటిసారి ఇది రాయలేదు.

జనాన్ని తగ్గించి నడుపుతున్నాం. ఆ వైపు బెంచీ మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు, రంగు పచ్చిగా ఉందని చెబుతున్నాను. మావాడు నన్ను అదోలా చూస్తున్నాడు. మీరూ అదోలా రాస్తున్నారు. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఇలా అనుమానించలేదు బావగారూ.

మీ వియ్యంకుడు


పడవల షెడ్డు
కాగితం అందిన రోజు

బావగారికి,

పడవ ఆపండి. మిగతా ఉత్తరం తర్వాత చదువుదురు గాని, ముందు పడవ ఆపి రండి.

ఆపారా?

మీ కాగితం అచ్చు మీద పరిచాను. బోల్టు గుర్తులు బోల్టులకి సరిపోయాయి. నెర్రెలన్నీ ఒకే చోట చేరాయి, ప్రయాణికుల బెంచీలకీ ఇంజన్‌కీ మధ్య నేను పెట్టిన అడ్డపలక అంచు దగ్గర. పలక ఉన్నచోట డొక్క వంగదు, ఎందుకంటే పలక దాన్ని లోపలినుంచి పట్టుకుని ఉంటుంది. నెర్రెలు అక్కడ వచ్చాయంటే ఆ చోట పలక డొక్కని పట్టుకుని లేదు. ఇంకోలా చెప్పడానికి నాకు రావడం లేదు. నా పలకని ఎవరో కోసేశారు.

మామూలుగా నా పడవల్లో ఆ పలక తెర లాంటిదే, తీసేసినా కొంప మునగదు. కానీ మీ రేవులో లోతు తక్కువ, పడవ తేలిగ్గా ఉండాలి అని మీరే అడిగారు. అందుకని పక్కలు పల్చగా పోసి, అవి మోయాల్సిన భారమంతా పలక మీద పెట్టాను. నా షెడ్డులో అలా చేసిన పడవ అదొక్కటే. అది పోసేసరికి అమ్మాయి మీ ఇంటికి వచ్చేసింది.

ఎవరు కోశారు? పెద్ద ఇంజన్ పెట్టాలని మా అల్లుడికి ఆశ ఉన్నట్టు పెళ్ళిలోనే విన్నాను. ఇంజన్ పట్టడానికి పలక కోయించాడా? ఏ లారీ మెకానిక్ చేత కోయించాడు? మా అమ్మాయి వద్దంటే నోరు మూయించారా? అది నా దగ్గర వంటల గురించి మాట్లాడింది ఇందుకేనా?

కోసిన అంచు ఎలా ఉందో చూసి రాయండి. రంపం పళ్ళ గుర్తులు ఉన్నాయా, ఎన్ని వంకర్లు పోయింది, అన్నీ రాయండి. మీరు రాయకపోతే నేనే బయల్దేరి వస్తాను. వస్తే వియ్యంకుడిలా రాను.


టిక్కెట్ గది, తలుపు వేసుకుని
చినుకులు

బావగారూ,

పడవ ఆపేశాను. ఇంజన్ పాడైందని చెప్పాను. జనం పక్క ఊరి రేవుకి నడిచి వెళ్తున్నారు, దారి పొడుగునా నన్ను తిట్టుకుంటున్నారు.

అంచుకి రంపం గుర్తులు లేవు. గుండ్రంగా తీసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రెసిన్ జిగురు పూసి ఉంది. చీకట్లో చెయ్యి పెట్టినా గీసుకోదు. అలా ఎవరు పని చేస్తారో మీకు నేను చెప్పాలా?

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు వినండి.

నా మోకాళ్ళు పోయాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీ పలకకి కింద ఉన్న కన్నంలోంచి ఇంజన్ దగ్గరికి పాకుతూ వెళ్ళాలి కదా, కొన్నాళ్ళుగా పాకలేకపోతున్నాను. మావాడు టీకి వెళ్ళినప్పుడు చూసి, పళ్ళు బిగబట్టి దూరేవాణ్ణి. బయటికి రాలేక లోపలే కూర్చుండిపోయిన రోజులున్నాయి. ఎవరైనా పిలిస్తే ఆయిల్ చూస్తున్నానని అరిచేవాణ్ణి. ఇంజన్ చూసుకోలేకపోతే నాకా పడవలో పనేముంది? చుక్కాని వాడిది. మరమ్మతులు ఆ పిల్లవి. నాకు మిగిలింది ఆ ఇంజనొక్కటే.

ఓసారి చుట్టాలింటికి వెళ్ళి వచ్చేసరికి ఆ కన్నం నడుమెత్తు తలుపంత అయింది. కాస్త వంగితే చాలు, అడుగేసి లోపలికి వెళ్ళొచ్చు. నేను అడగలేదు. తను చెప్పలేదు. ఆ రోజు భోజనాల దగ్గర నా వైపు చూడకుండా కూర వడ్డించింది. నన్ను ఎప్పుడు చూసిందో, ఎలా కనిపెట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ మొదటి రోజు ఇంజన్ పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను బావగారూ. నా సొంత కొడుక్కి కనబడని నొప్పి ఆ పిల్లకి కనబడింది.

తర్వాత నెర్రెలు వచ్చాయి. ఎందుకొచ్చాయో నాకు అప్పుడే అనుమానం. తనకి కనబడకుండా ఆ వైపు నేనే కడిగేవాణ్ణి, మైనం పూసేవాణ్ణి, ఆ డొక్క నీళ్ళ వైపుకి తిప్పి కట్టేవాణ్ణి. మీ మీద నింద ఎందుకు వేశానంటారా? నా కోసం చేసిన పని వల్ల పడవ పాడైందని తెలిస్తే తను కుంగిపోతుంది. పూత తప్పని మీరు ఒక్క ముక్క రాస్తే ఆ గొడవే ఉండదు. కన్నతండ్రి కదా, తెలియకపోయినా మోస్తారనుకున్నాను.

ఇప్పటికైనా ఆ ముక్క రాయండి. పలక మళ్ళీ పెట్టించేద్దాం. ఇంజన్ అంటే విసుగొచ్చిందని నేను చెబుతాను. తనకి మాత్రం తెలియనివ్వకండి.

మీ బావ


పడవల షెడ్డు
ఆలోచించి రాస్తున్నది

బావగారికి,

నా కిందటి ఉత్తరాలు చించి పారేయండి. ముఖ్యంగా అమ్మాయిని ఏమైనా అంటున్నారా అని అడిగినదాన్ని. మా ఇంట్లో నాకంటే మీ ఇంట్లో దానికి గౌరవం ఎక్కువని ఇప్పుడర్థమైంది. ఆ సంగతికి సంతోషించాలో, ఏడవాలో తెలియడం లేదు. మీ చెల్లెమ్మ మాత్రం ఏడ్చింది.

అయినా మీరడిగిన ముక్క రాయను.

నింద మొయ్యడం నాకేం కష్టం కాదు. కానీ దాని చేతిలో పని ఉంది. ఈ పలకా ఉత్త తెరే అనుకుని కోసింది. రేపు ఇంకో పడవలో ఇంకో పలక అడ్డమొస్తే, ఇలాగే ఎవరి మీదో ప్రేమ కొద్దీ కోస్తుంది. అంచు మళ్ళీ ఇంతే నున్నగా రుద్దుతుంది. ఆ పడవలో ఎవరుంటారో మనకి తెలియదు. తెలియకుండా చేసిన తప్పు తెలియకుండానే ఉండిపోతే పోదు, మళ్ళీ వస్తుంది. కాబట్టి చెప్పాలి. నేను చెబితే తిట్టులా ఉంటుంది. మీరు చెప్పండి.

ముందు పలక, తర్వాతే నెర్రెలు. పలక పెట్టకుండా పైన పూతేసి కప్పితే ముల్లు లోపల ఉండగానే కట్టు కట్టినట్టే. అదే మందం పలక, రెండు వైపులా ఫైబర్ గుడ్డతో డొక్కకి అంటించాలి. ఎలాగో దానికి తెలుసు. నెర్రెల్ని గీరి చూడమనండి, ఫైబర్ దాకా వెళ్ళినవి ఉంటే అక్కడ కూడా కొత్త గుడ్డ పరవాలి. కన్నం మాత్రం మనిషి పాకేంతకి మించకూడదు.

మించకపోతే మీరు దూరలేరు. ఆ సంగతి తెలిసే రాస్తున్నాను బావగారూ.

మీ బావ


టిక్కెట్ గది
వానలు పడుతున్నాయి

బావగారికి,

చెప్పాను. పడవలోనే, ఆ కన్నం దగ్గర కూర్చుని చెప్పాను. నెర్రెలు చూపించాను. మీ ఉత్తరాలు కూడా ఇచ్చాను, చించలేదు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఇవి ఎప్పుడు చూశారు మామయ్యా?"

"ఎండలు మొదలైనప్పుడు."

"అప్పటినుంచీ పిల్లల్ని ఎక్కించుకుంటూనే ఉన్నామా?"

తను బాధపడకూడదని తన మనసొక్కటే చూసుకున్నాను. ఆ బెంచీ ఖాళీ చేయించేదాకా దాని మీద కూర్చున్న వాళ్ళ సంగతి నాకు తోచనే లేదని అప్పుడు తెలిసింది. మీరు పడవ ఆపమని రాసినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు.

తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మావాడితోనూ మాట్లాడలేదు, వాడు చేసిన పాపమేమిటో వాడికి తెలియదు పాపం. పడవ ఒడ్డుకి ఎక్కించి పని మొదలెట్టింది. ఒక్కో నెర్రెనీ గీరుకుంటూ వెళ్ళింది. చాలావరకు పూతలోనే ఆగిపోయాయి. ఒకటి ఆగలేదు. నన్ను పిలిచి, నా వేలు పట్టుకుని ఆ చీలికలో పెట్టింది. "చూడండి" అంది. అంతకు మించి నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

అక్కడ కొత్త గుడ్డ పరిచింది. పలక పెట్టింది, మీ షెడ్డులో పెట్టినట్టే ఉంది. తనిఖీ ఆయన ఈసారి ఆలస్యంగా వచ్చి, తట్టి చూసి సంతకం చేశాడు. రేపటినుంచి పడవ తిరుగుతుంది. ఇంజన్ ఇక తనే చూసుకుంటుందట. నన్ను చుక్కాని పక్కన కూర్చోమంది, ఊరికే.

నిన్న అందరూ వెళ్ళాక పడవెక్కి ఆ కన్నం చూశాను. కూర్చుని కొలిచాను. మీరు రాసినదానికంటే ఇంకా చిన్నది. తను దూరుతుంది, నేను పొర్లాడినా దూరలేను. పొద్దున్న ఊరుకోలేక అడిగాను, "అమ్మా, కొలత తప్పినట్టుంది, కన్నం చిన్నదైపోయింది" అని.

"తప్పలేదు మామయ్యా" అంది.

కోపం వచ్చింది బావగారూ. తర్వాత ఆ మాట గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. నేను మళ్ళీ దూరతానని ఆ పిల్లకి తెలుసు. పళ్ళు బిగబట్టి, ఎవరూ చూడకుండా, తప్పకుండా దూరతాను.

వానలు తగ్గాక మీరూ చెల్లెమ్మా తప్పకుండా రండి. వచ్చినప్పుడు మిమ్మల్ని పక్కకి పిలిచి, ఆ కన్నం కొంచెం పెద్దది చేయించమని అడుగుతాను. నా సంగతి నాకు తెలుసు, అడగకుండా ఉండలేను. ఒప్పుకోకండి.

మీ బావ